డబ్బా మరిచిపోయినావంట

ఆ వేసవంతా నేనొక యుద్ధనౌకలో ఉన్నాను. సముద్రంలో తిరిగే నౌక కాదు, అంతరిక్షంలోకి పోయే నౌక. అయితే అది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ విడిచి ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

బంగారం తీశాక మిగిలిన సయనైడు మట్టి దిబ్బల వెనక, మూతబడ్డ గని తాలూకు పాత రేకుల షెడ్డు ఒకటుంది. రక్షణ శాఖవాళ్ళు ఆ షెడ్డులో దాన్ని కట్టారు. అసలు నౌక వేరే చోట తయారవుతోంది. ఇది దానికి అచ్చు జోడు, మనుషుల్ని పరీక్షించడానికి. ముగ్గురు సైనికుల్ని లోపల పెట్టి తలుపు మూస్తారు. మామిడికాయల కాలం అయిపోయి వానలు పట్టేదాకా వాళ్ళకు అదే లోకం. మధ్యలో తలుపు తెరిస్తే పరీక్ష పోయినట్టే. మళ్ళీ వచ్చే ఏడు మొదటినుంచీ.

నేను పనిచేసే బెంగుళూరు చానెల్‌కు ఆ నౌకలో ఉండి డాక్యుమెంటరీ తీసే అవకాశం దొరికింది. నాలుగో పడక మరీ చిన్నది. చానెల్ మొత్తంలో అందులో పట్టే విలేఖరిని నేనొక్కదాన్నే. పొట్టిదానివని బళ్ళో ఏడిపించినవాళ్ళందరూ ఆ రోజు గుర్తొచ్చారు.

ఆఫీసులో స్వీట్లు పంచారు. ఇంట్లో మా నాయన అన్నం మానేశాడు.

మా నాయన చెన్నప్ప. గనిలో డ్రిల్లు పట్టి రాయి తొలిచినవాడు. గని మూసేశారు గానీ ఆ దుమ్ము ఆయన రొమ్ములో ఉండిపోయింది. వీధి చివరిదాకా నడవాలంటే మధ్యలో ఎవరి అరుగు మీదో కూర్చుని దమ్ము తీసుకోవాలి. అలాంటి మనిషి అలిగి పస్తుంటే మా అమ్మ తాయమ్మ ఊరుకుంటుందా?

"తినకపోతే పో. నీ ముద్ద కుక్కకేస్తా. అది తోకన్నా ఊపుతాది."

నాయన గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. నేను కెమెరా తీశాను. సినిమా ఆయనతోనే మొదలుపెట్టాలని నా ఆలోచన. మూత వేసే చోటికి పోయే మనుషుల గురించి చెప్పడానికి మా గని కూలీల లైన్లలో అంతకన్నా ఎవరు కావాలి?

"చెప్పు నాయనా. కింద పనిలో ఉండేవాళ్ళకు ఇంటి కబుర్లు ఎట్ల తెలిసేవి?"

"మంచి కబురైతే అరిచి చెప్తారు. కొడుకు పుట్టినాడురా అని. చావు కబురు మాత్రం చెప్పగూడదు."

"ఎందుకు?"

"చెప్తే చెయ్యి వణుకుతాది. కాలు జారతాది. ఒగరి చావు ఇద్దురిది ఐతాది. అందుకే ఏమంటారంటే, 'ఒరే, డబ్బా మరిచిపోయినావంట, ఇంటి కాడ్నించి కబురొచ్చింది, పైకొచ్చి తీసుకో' అంటారు. అంతే. వానికి అర్థమైపోతాది. గమ్మున లిఫ్టెక్కుతాడు."

"ఏ డబ్బా అని ఎవరూ అడగరా?"

"అడిగితే చెప్పాల గదమ్మా. ఎవురూ అడగరు."

"నీకెప్పుడైనా వచ్చిందా ఆ కబురు?"

నాయన గిన్నె పక్కకు పెట్టాడు.

"మా యమ్మ పోయినప్పుడు."

"వెంటనే వచ్చేసినావా?"

"యాడొస్తాను? రాతి బెజ్జాల్లో పేల్చే మందు కూరిండాది. కాల్చకుండా వదిలేసి వస్తే, తరవాత షిఫ్టువాడు తెలీక దాంట్లోనే డ్రిల్లు పెడతాడు. మందు కూరిన బెజ్జం వదిలి ఎవుడూ పైకి రాగూడదు. కాల్చి, పొగంతా పోయినాక వచ్చినా."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది. "ఈయప్ప వచ్చేటప్పుటికి మేమంతా ఏడ్చి ఏడ్చి కాఫీ తాగతా ఉంటిమి. ఈయప్ప కోసం ఇంగోసారి మొదులుపెట్టినాము."

"నువ్వు నోరు మూసుకోవే."

"పాలు పొంగొచ్చినాయి. లేకపోతే బయటికొచ్చి ఇంగా చెప్పుదును. నాకూ ఈడ మందు కూరిండాది."

మా ఇంట్లో ఆ మాట అలాగే వాడుకలో ఉంది. పొయ్యి మీద పాలుంటే, చేతిలో తడి పిండి ఉంటే, సగం చదివిన పేజీ ఉంటే, పిలిచినవాళ్ళకు మా జవాబు అదే. బెజ్జంలో మందు కూరిండాది, ఉండు.

కెమెరా కట్టేశాక నాయన అసలు మాట బయటపెట్టాడు.

"పాపా, నువ్వు పోవద్దు. మా తాత కింద పోయినాడు, మా నాయన పోయినాడు, నేను పోతిని. ఇంగ ఈ ఇంట్లోనుంచి మూత వేసే చోటికి ఎవురూ పోగూడదు."

"ఇది కిందికి పోయేది కాదు నాయనా. పైకి పోయేది."

"పైకి పోయేది అని నువ్వే అంటాండావు."

అమ్మ వంటింట్లో పకపకా నవ్వింది. నాయన నవ్వలేదు. నేను బయల్దేరిన పొద్దున ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నవాడి ఊపిరి అలా ఉండదు.

*

నౌకకు కమాండర్ సౌభాగ్య. వాయుసేనలో వింగ్ కమాండర్. ముళబాగిలు ఆవిడ సొంత ఊరు. వాళ్ళ నాన్న చిత్తూరు రోడ్డు మీద లారీ తోలేవాడు. తక్కిన ఇద్దరూ ఉత్తరాదివాళ్ళు, ఒకరు ఇంజినీరు, ఒకరు డాక్టరు. లోపల పేర్లు పిలుచుకోరు, పనుల పేర్లే. నేను 'కెమెరా'.

"కెమెరా, ఇది చూసుకో," అంది సౌభాగ్య మేడమ్ మొదటి రోజే. తలుపు పక్కన ఎర్ర పిడి ఉంది. "ఇది తిప్పితే తలుపు తెరుచుకుంటాది. తిప్పే అధికారం నాకొక్కదానికే. నేను తిప్పను."

అంత గట్టిగా ఎందుకు చెప్పిందో తర్వాత ఇంజినీరు చెప్పాడు. ఈ పరీక్ష నెగ్గిన కమాండర్‌కే అసలు నౌకలో చోటు. వచ్చే ఏటికి మేడమ్ వయసు హద్దు దాటుతుంది. ఆవిడకు ఇదే ఆఖరి తలుపు.

మూసే ముందు బయటి అధికారి ఒకాయన వచ్చి నలుగురినీ ఒకే ప్రశ్న అడిగాడు. లోపల ఉండగా ఇంట్లో ఎవరికైనా ఏదైనా జరిగితే మీకు చెప్పాలా, వద్దా?

"చెప్పండి," అన్నాడు డాక్టరు.

"వద్దు," అన్నాడు ఇంజినీరు.

"చెప్పండి. చెప్పినా తలుపు తియ్యను," అంది మేడమ్.

నేను ముగ్గుర్నీ వరసగా చిత్రీకరిస్తున్నాను. మేడమ్ నా చేతిలోంచి కెమెరా లాక్కుని నా వైపు తిప్పింది. "నీ సంగతి?"

గోడ వైపు తిరిగిన వీపు గుర్తొచ్చింది. "చెప్పొద్దు," అన్నాను.

తలుపు మూసుకుంది. అంత బరువైన తలుపుకు చప్పుడే లేదు.

లోపలి బతుకు గురించి నేను ఊహించుకున్నది ఏదీ జరగలేదు. భయం లేదు, హడావుడి లేదు. పొద్దున లేచి కసరత్తు, సంచుల్లోని తిండి, యంత్రాలు తుడవడం, ఎవరూ రాని చోట కాపలా. కిటికీ బదులు ఒక తెర, అందులో నక్షత్రాలు. శత్రువు వచ్చినట్టు గంట మోగితే ముగ్గురూ తమ తమ సీట్లలోకి దూకేవాళ్ళు. నేను పడక మీద కాళ్ళు పైకి ముడుచుకునేదాన్ని, దారికి అడ్డం లేకుండా. సైన్యం నౌక కాబట్టి కొన్ని మీటలు ప్రజలు చూడకూడదు. నేను కెమెరా ఎత్తితే చాలు, మేడమ్ వాటి మీద నల్లగుడ్డ కప్పేది.

"కెమెరా వస్తాంది, ముసుగెయ్యండప్పా పెళ్ళికూతురికి," అనేది. ఆ ఉత్తరాది కుర్రాళ్ళకు తెలుగులో ఆ ఒక్క వాక్యం బాగా వచ్చేసింది.

బయటితో మాటలు లేవు. తెర మీద రాతే. కంట్రోల్ గదిలో సెల్విన్ అని ఆండర్సన్‌పేట అబ్బాయి కూర్చునేవాడు. గని మూసేశాక పుట్టిన పిల్లాడు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవాడు. ఇంటి సంగతులు నిషేధం, సామాను సంగతులే రాయాలి. బ్యాటరీలు ఉన్నాయా అక్కా, ఫలానా వైరు పనిచేస్తోందా అక్కా, అంతే.

ఖాళీగా ఉన్న ఒక ఆదివారం నేను తీసిన ముక్కలు ముగ్గురికీ చూపించాను. మా నాయన మాటలు ఇద్దరు కుర్రాళ్ళకూ హిందీలో చెప్పాను. డబ్బా సంగతి విని డాక్టరు ఆ ముక్క మళ్ళీ వెయ్యమన్నాడు. మేడమ్ మాత్రం మా అమ్మ పాల మాటకు పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత గాలివాన వచ్చింది. రేకులు లేచిపోతున్న చప్పుడు మాకు లోపలికి వినబడింది. దీపాలు మసకబారాయి. గాలి తిప్పే ఫ్యాను ఒకసారి దగ్గి ఆగింది. మేడమ్ గడియారం వైపు కూడా చూడలేదు. "బ్యాటరీకి మార్చు. అందరూ పడుకోండి, తక్కువ గాలి పీలుస్తారు," అంది. పడుకున్నాం. మేడమ్ ముళబాగిలులో వాళ్ళ నాన్న లారీ వెనకాల రాయించుకున్న పద్యం పాడి వినిపించింది. అది పూర్తయ్యేలోపు ఫ్యాను మళ్ళీ తిరిగింది.

మాకు అంతే. ఊళ్ళో అది ఎంత పెద్ద కథ అయిందో మాకేం తెలుసు?

*

సంచులు కత్తిరించి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. తెర మీద అక్షరాలు వచ్చాయి. మేడమ్ ముద్ద నములుతూ పైకి చదివింది.

"పవిత్రక్కా, మీ అమ్మ గేటు కాడికి కబురు పంపింది. డబ్బా..."

అక్కడ ఆపేసింది. తక్కింది నేనే చదువుకున్నాను.

డబ్బా మరిచిపోయినావంట. వచ్చి తీసుకోమన్నారు. కుదరదని చెప్పేసినా. సెల్విన్.

అమ్మ పంపిన కబురు. అమ్మ పంపిందంటే అమ్మ ఉంది. ఇంట్లో ఉండేది ఇద్దరే.

ఇంజినీరు మెల్లగా అన్నాడు, "నిజంగా ఏదైనా డబ్బా కావచ్చు కదా? ఒకసారి చూసుకోండి."

లేచి నా సంచి తెరిచాను. లెన్సుల డబ్బా ఉంది. బ్యాటరీల డబ్బా ఉంది. మైకు డబ్బా, కార్డుల డబ్బా, ఆఖరికి అమ్మ బలవంతంగా పెట్టిన విభూతి డబ్బా కూడా ఉంది. నేను దేన్నీ మరిచిపోలేదు. అన్నిటినీ మళ్ళీ సర్ది జిప్పు వేశాను.

"సెల్విన్‌ను అడుగుదామా?" అన్నాడు డాక్టరు.

"అడగరు," అన్నాను.

మేడమ్ చెయ్యి తుడుచుకుని లేచింది. తలుపు దగ్గరికి నడిచి ఎర్ర పిడి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వణకలేదు. నేను చూశాను.

"ఊఁ అను, చాలు. వీళ్ళను నేను అడగను. పైవాళ్ళకు జవాబు నేను చెప్పుకుంటా."

ఆవిడ ముఖంలో ఆ చోటు గురించి, వయసు గురించి, వచ్చే ఏడు గురించి ఏమీ లేదు. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది. ఇంజినీరు నేల చూపులు చూస్తున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. నాలుగడుగుల అవతల ఆ పిడి. దాని అవతల షెడ్డు, దిబ్బలు, మా లైన్లు. ఆటో ఎక్కితే ఎంతసేపు? ఎండాకాలం, ఎక్కువసేపు ఉంచరు. ఇప్పుడు పోతే ముఖం చూడొచ్చు.

ఊఁ అనడానికే నోరు తెరిచాను.

"బెజ్జంలో మందు కూరిండాది మేడమ్," అన్నాను.

ఆవిడకు ఆ మాట తెలుసు. పిడి మీదనుంచి వేళ్ళు ఒక్కొక్కటే తీసింది. మీటల మీది నల్లగుడ్డ లాగి, దాన్ని తీసుకొచ్చి నా పడకకు తెరలాగా కట్టింది. ఆ గుడ్డ అక్కడ ఉన్నంతసేపూ మీటలన్నీ బట్టబయలుగా ఉన్నాయి. ఆ పూట నేను కెమెరా ముట్టనని ఆవిడకు తెలుసు.

మర్నాడు గుడ్డ విప్పి, మడిచి, ఆవిడకు ఇచ్చేశాను. "ముసుగెయ్యండి, కెమెరా వస్తోంది," అన్నాను. తక్కిన రోజులన్నీ కెమెరాను స్టాండు మీద పెట్టే తీశాను. చేత్తో పట్టుకుంటే బొమ్మ కదిలిపోతోంది. ఆ డాక్యుమెంటరీ చూసినవాళ్ళు చివరి సగం ఎంత నిలకడగా ఉందో అని మెచ్చుకున్నారు.

*

తలుపు తెరిచిన రోజు చినుకులు పడుతున్నాయి. తడి మట్టి వాసన ముక్కుకు కొట్టి తల తిరిగింది. అధికారులు, దండలు, చప్పట్లు. సౌభాగ్య మేడమ్ పరీక్ష నెగ్గింది. దండ మెళ్ళో పడగానే తీసేసి, నా భుజం పట్టుకుని గేటు వైపు తోసింది. "నువ్వు పో. ఇవన్నీ నేను చూసుకుంటా."

గేటు దగ్గర గొడుగు కింద అమ్మ నిలబడి ఉంది. నుదుట బొట్టు ఉంది. మెళ్ళో తాళి ఉంది.

గొడుగు పట్టుకున్నది నాయన. రెండో చేతిలో స్టీలు టిఫిను క్యారియర్.

నన్ను చూడగానే అమ్మ విరుచుకుపడింది, నా మీద కాదు.

"చూడు పాపా, చూడు! గుండ్రాయి మాదిరి నిలబడుకోనుండాడు చూడు! నేను శ్రీనివాసపురం మార్కెట్లో మామిడికాయలు బేరమాడతాంటే, ఈయప్ప నా పేరు చెప్పి గేటుకు కబురు పంపినాడంట! బతికుండంగానే నా తాళి తెంపినాడే! సెల్విన్ అబ్బోడు ఎదురుపడి 'మీ డబ్బా కుదరలేదు ఆంటీ' అంటే గదా నాకు తెలిసింది!"

వెనకాల సెల్విన్ బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. "నాకేం తెలుసక్కా. డబ్బా అంటే డబ్బానే అనుకొన్నా."

నాయన నా వైపు చూడలేదు. గొడుగు పిడిని చూస్తూ చెప్పాడు.

"గాలివానకు లోపల గాలి ఆడలేదని ఊరంతా చెప్పుకొన్నారు. నలుగురూ నీలం తేలినారన్నారు. గేటు కాడికి వచ్చి అరిచినా, బతిమాలినా. ఎవురూ ఇనలా. ఇంటి కబురు లోపలికి పంపేది లేదన్నారు. సామాను సంగతైతే పంపుతామన్నారు." దమ్ము తీసుకోవడానికి ఆగాడు. "లోపలికి పొయ్యే మాట ఆ ఒగటే ఉండె. ఉట్టికే అనే మాట కాదది. అబద్ధానికి ఆ మాట అని ఎవుడూ బాగుపడలా. అయినా పంపినా. వస్తావనుకొన్నా."

వాన రేకుల మీద టపటపా పడుతోంది.

"కబురు అందలేదా పాపా నీకు?"

"అందింది."

"నేను పోయినాననే అనుకొన్నావా?"

"అనుకొన్నా."

అమ్మ తిట్టడం ఆపేసింది. నాయన మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. ఆయన అడగబోయేది నాకు తెలుసు. నేను చెప్పబోయేది ఆయనకు తెలియదు.

"మరి రాలేదేమి?"

"బెజ్జంలో మందు కూరిండాది నాయనా."

ఆయనకు దగ్గు తెర ఒకటి వచ్చి పోయింది. గొడుగు ఒరిగి అమ్మ తల తడిసింది.

"ఏడిస్తివా?" అన్నాడు నాయన.

"పని ఉండె. తరవాత."

"ఊఁ. నేనూ అంతే. డ్రిల్లు చేతిలో ఉండె గదా."

షెడ్డు గోడ వారన కూర్చున్నాం. నాయన క్యారియర్ విప్పాడు. రాగి ముద్ద, మామిడికాయ పప్పు. ఆ ఏటి ఆఖరి మామిడికాయలు. సంచుల తిండికి అలవాటుపడిన నాలుక ఆ పులుపుకు జివ్వుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుపుకేనని అమ్మతో చెప్పాను. అమ్మ నమ్మినట్టు నటించింది.

*

చలికాలం మొదలయ్యేసరికి చానెల్‌వాళ్ళు మళ్ళీ పిలిచారు. ఈసారి నౌకాదళం జలాంతర్గామి. ఇంట్లో ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే నాయనే అడిగాడు.

"మూత ఉంటాదా?"

"ఉంటాది."

"ఊఁ," అన్నాడు. అంతే.

పొద్దున బెంగుళూరు రైలుకు ఆయన కూడా స్టేషనుకు వచ్చాడు. దారిలో రెండు అరుగుల మీద కూర్చుని దమ్ము తీసుకున్నాడు. నేను రైలెక్కి సంచులు సర్దుకుంటుంటే కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతిలో స్టీలు క్యారియర్. వంటింటి గట్టు మీదే వదిలేసి వచ్చినట్టున్నాను.

మరిచిపోయినావు అనడానికి ఆయన పెదవులు కదిలాయి. ఆ మాట రాలేదు. కిటికీ చువ్వలు ఇరుకు. క్యారియర్ పట్టదు. ఆయన చుట్టూ తిరిగి, మెట్టెక్కి, పెట్టెలోకి వచ్చి దాన్ని నా ఒళ్ళో పెట్టాడు.

"అన్నం," అన్నాడు. "వేడిగా ఉండాది. తిను."